మాచు పిచ్చు వెళ్లాలంటే: ముందు ప్రవేశ టికెట్టు, ఆ తర్వాతే విమానం

పెరూలోని మాచు పిచ్చు ప్రయాణం చెడేది కొండ మీద కాదు, ఇంట్లో కూర్చుని బుక్ చేసేటప్పుడే. చాలామంది ముందు విమానం టికెట్లు కొంటారు, తర్వాత హోటల్, తర్వాత రైలు, చివర్లో "ప్రవేశం టికెట్టుదేముందిలే" అని చూస్తారు. అప్పటికి తమకు కావలసిన తేదీ అయిపోయి ఉంటుంది. ఉన్నా, మిగిలింది తాము అనుకున్న దారి కాదు. కాబట్టి వరుస తిరగేయండి. ముందు ప్రవేశ టికెట్టు (తేదీ, గంట, దారి మూడూ కలిపి), దానికి సరిపోయే రైలు, ఆ రైలుకు సరిపోయే హోటల్, చివరికి రాజధాని లిమా నుంచి కుస్కోకు విమానం. అంతర్జాతీయ విమానం కూడా ప్రవేశ టికెట్ల ఖాళీలు ఒకసారి చూశాకే కొనండి.

ఈ వరుస ఎందుకంటే, పెరూను ఒకప్పుడు ఏలిన "ఇంకా" అనే జాతి కట్టిన ఈ నగరానికి బయటి నుంచి నేరుగా రోడ్డు లేదు. లిమాలో దిగి, ఇంకో విమానంలో గంటా పావులో కుస్కో చేరాలి. అక్కడి నుంచి రెండు గంటలు కారులోనో వ్యానులోనో ఒయాంతాయ్‌తాంబో. అక్కడ రైలెక్కితే గంటన్నర నుంచి రెండు గంటల్లో కొండ కింది ఊరు అగ్వాస్ కాలియెంతెస్. అక్కడి నుంచి మెలికల రోడ్డు మీద బస్సు. ఒక్క లంకె తెగితే మిగతావన్నీ వృథా. రైళ్లు రోజుకు చాలా ఉంటాయి, బస్సులు వస్తూనే ఉంటాయి. లెక్కపెట్టి ఇచ్చేది ప్రవేశ టికెట్టు ఒక్కటే: మామూలు రోజుల్లో 4,500 మందికి, కొన్ని రద్దీ తేదీల్లో 5,600 మందికి.

ఏ దారి టికెట్టు కొనాలి

2024 జూన్ నుంచి లోపల మూడు సర్క్యూట్లు, వాటిలో మొత్తం పది దారులు. ఒక దారి టికెట్టుతో ఇంకో దారిలోకి పోనివ్వరు. వెనక్కి నడవనివ్వరు. బయటికొస్తే మళ్లీ లోపలికి రానివ్వరు. అందుకే పేరు చూసి కాకుండా, ఏం కనిపిస్తుందో చూసి కొనాలి.

మొదటి సర్క్యూట్ పై మెట్ల పొలాల మీదుగా పోతుంది. క్యాలెండర్ల మీద కనిపించే ఫొటో (ముందు మాచు పిచ్చు పాత ఊరు, వెనక నిటారుగా వాయ్న పిచ్చు శిఖరం) అక్కడి నుంచి వస్తుంది. కానీ ఊళ్లోకి దిగనివ్వరు. ఇంత దూరం వచ్చి గుడి గోడలు దూరం నుంచి చూసి పోవడమంటే బాధే. తెలియక ఇది కొనేవాళ్లు చాలామంది.

రెండో సర్క్యూట్లో ఆ ఫొటో దొరుకుతుంది, ఊళ్లోకి దిగి నడవడమూ ఉంటుంది. తొలిసారి వెళ్లేవాళ్లు కళ్లు మూసుకుని ఇదే తీసుకోండి. ఇందులో 2-ఎ, 2-బి అని రెండున్నాయి. ఫొటో తీసుకునే మెట్టు ఒకదానిలో కాస్త పైన, ఒకదానిలో కాస్త కింద. తేడా అంతే. ఏది దొరికితే అది కొనేయండి. అందరూ కోరేది ఇదే కాబట్టి ముందుగా అయిపోయేదీ ఇదే. జూన్ నుంచి ఆగస్టు దాకా వెళ్లాలంటే నెలల ముందే చూసుకోవాలి.

మూడో సర్క్యూట్ కింది భాగంలో తిరుగుతుంది. సూర్యాలయం, రాజు నివాసం అనే ఇళ్లు, నీటి ధారలు దగ్గరగా కనిపిస్తాయి. క్యాలెండర్ ఫొటో మాత్రం రాదు. వాయ్న పిచ్చు శిఖరం ఎక్కాలనుకుంటే 3-ఎ కొనాలి, అది ఈ సర్క్యూట్లోనే కలిసి ఉంటుంది. అంటే వాయ్న పిచ్చు టికెట్టు ఒక్కటే కొన్నవాళ్లకు పైమెట్టు నుంచి తీసే ఫొటో ఉండదు. రెండూ కావాలంటే రెండు టికెట్లు, రెండు వేర్వేరు గంటలు. ఓపికుంటే ఒకే రోజు కూడా కుదురుతుంది: పొద్దున 3-ఎ, మధ్యాహ్నం రెండో సర్క్యూట్.

వాయ్న పిచ్చు ఎత్తు 2,693 మీటర్లు. ఊరి నుంచి ఎక్కడం తక్కువే అనిపిస్తుంది గానీ మెట్లు చాలా నిటారు. కొన్నిచోట్ల ఒక పాదం వెడల్పు కూడా ఉండవు, ఇనుప తాడు పట్టుకుని పోవాలి. పన్నెండేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు. అమ్మానాన్నలతో వెళ్తుంటే దీని జోలికి పోకండి. కళ్లు తిరిగే భయం ఉన్నా, కాళ్లలో బలం ఉన్నవాళ్లకు 1-ఎలో వచ్చే మాచు పిచ్చు కొండ (3,000 మీటర్లు దాటుతుంది) మెరుగు. దారి పొడవే, రానుపోను మూడు నాలుగు గంటలు పడుతుంది, కానీ మెట్లు వెడల్పు. 1-సి, 1-డి, 3-సి, 3-డి దారులు రద్దీ నెలల్లోనే తెరుస్తారు.

టికెట్టు కొనే పని

పెరూ సంస్కృతి మంత్రిత్వ శాఖ సొంత సైటు పేరు "తు బొలేతో". వెతికితే దానికన్నా ముందు దళారీల సైట్లు పదొస్తాయి. చిరునామా చివర కల్తురా డాట్ పీఈ ఉందో లేదో చూసుకోండి. 2024లో కొత్త దారులు వచ్చాక విదేశీ పెద్దలకు మామూలు దారి 152 సోలెస్ (పెరూ కరెన్సీ), శిఖరం కలిపిన దారి 200 సోలెస్ పెట్టారు. కొనే రోజు ధర మళ్లీ చూసుకోండి.

మనవాళ్లకు ఇక్కడ రెండుచోట్ల తగులుతుంది. మొదటిది కార్డు. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన వల్ల కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ లావాదేవీలు మూసి ఉంటాయి. సైటు "చెల్లింపు విఫలం" అంటుందే తప్ప కారణం చెప్పదు. ముందుగానే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ ఆన్‌లైన్ లావాదేవీలు తెరిచి, పరిమితి పెంచి కూర్చోండి. రెండోది పేరు. ఇంటిపేరు, అసలు పేరు గళ్లు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే నింపండి. మనలో కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి రెండూ ఒకే గడిలో కలిసిపోయి ఉంటాయి. గేటు దగ్గర ముఖ్యంగా చూసేది పాస్‌పోర్టు నంబరు. అందులో ఒక్క అంకె తప్పినా గొడవే. టికెట్టు కొన్నాక పాస్‌పోర్టు మారితే పాతది కూడా వెంట తీసుకెళ్లండి.

ఆన్‌లైన్‌లో ఏమీ దొరక్కపోతే ఆఖరి దారి ఒకటుంది. రోజుకు 1,000 టికెట్లు అగ్వాస్ కాలియెంతెస్‌లోని కౌంటరులో నేరుగా అమ్ముతారు. అయితే అక్కడ అమ్మేది మర్నాటి టికెట్టు. ముందు వరుసలో నిలబడి నంబరు చీటీ తీసుకోవాలి, తర్వాత ఆ నంబరు వచ్చినప్పుడు పాస్‌పోర్టుతో వెళ్లి కొనాలి. గంటా, దారీ మీకు నచ్చినవి దొరుకుతాయన్న హామీ లేదు. ఈ దారి పట్టేవాళ్లు ఆ ఊళ్లో రెండు రాత్రులు ఉండేలా చూసుకోవాలి.

గంటల లెక్క

ప్రవేశం పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా, గంటకో విడత. ఏ గంట మంచిదన్నది కాలాన్ని బట్టి. మే నుంచి సెప్టెంబరు దాకా పొడి కాలం, అప్పుడు ఆరు, ఏడు గంటల విడతలు బాగుంటాయి. నవంబరు నుంచి మార్చి దాకా వానలు, జనవరి, ఫిబ్రవరి మరీ ఎక్కువ. ఆ నెలల్లో ఆరు గంటలకు లోపలికి పోతే తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనిపించని రోజులుంటాయి. దారి ఒకవైపే కాబట్టి మబ్బు విడిచేదాకా ఫొటో మెట్టు దగ్గర ఆగనివ్వరు. వానాకాలంలో తొమ్మిది, పది గంటల విడత తీసుకోండి.

ఇప్పుడు రైలు. ఒయాంతాయ్‌తాంబోలో ఆరు గంటల రైలెక్కారనుకోండి. దిగేసరికి ఏడున్నర దాటుతుంది. బస్సు వరుసలో అరగంట నుంచి గంట, బస్సులో మరో అరగంట. గేటు చేరేసరికి తొమ్మిది. ఈ లెక్కకు తొమ్మిది గంటల టికెట్టు కొనడం సాహసం, పది గంటలది కొనడం తెలివి. తిరుగు రైలుకు కూడా ఇంతే: రెండో సర్క్యూట్ తీరిగ్గా చూడటానికి రెండున్నర, మూడు గంటలు, దిగే బస్సు వరుసకు గంట, బస్సుకు అరగంట. పది గంటలకు లోపలికి వెళితే మూడింటి ముందు రైలు వద్దు. వాయ్న పిచ్చు ఉంటే ఇంకో మూడు గంటలు కలపండి.

కుస్కో నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే ఒక్కరోజు యాత్రలు అమ్ముతుంటారు. అవుతుంది, కానీ రోజంతా కుర్చీల్లోనూ వరుసల్లోనూ గడిచి, చూడటానికి మూడు గంటలు మిగులుతాయి. కింది ఊళ్లో ఒక రాత్రి పడుకోండి.

రైళ్లు నడిపేవి రెండు కంపెనీలు: ఒకటి "పెరూరైల్", రెండోది "ఇంకా రైల్". ఒకదాని టికెట్టు ఇంకోదానిలో చెల్లదు. చిన్న సంచి తప్ప పెద్ద సూట్‌కేసులు ఎక్కించుకోరు. సామాను కుస్కోలోనో ఒయాంతాయ్‌తాంబోలోనో హోటల్లో ఉంచి, రెండు రోజుల బట్టలతో వెళ్లండి. వానాకాలంలో కుస్కో ఊళ్లోంచి రైలు అని కొన్నా, మొదటి భాగం బస్సులోనే తీసుకెళతారు. టికెట్టు మీద బయల్దేరే చోటు చదవండి.

కొండపైకి బస్సు విదేశీయులకు ఒకవైపు 12 డాలర్లు, మొదటిది ఐదున్నరకు. ముందురోజు సాయంత్రమే కొనుక్కోండి, పాస్‌పోర్టు అడుగుతారు. నడిచి ఎక్కేవాళ్లకు దాదాపు 400 మీటర్ల ఎత్తు మెట్ల దారి, గంటన్నర పడుతుంది. ఎక్కడం కన్నా దిగడం మోకాళ్లకు చేటు. డబ్బు ఆదా చేయాలంటే పైకి నడిచి, కిందికి బస్సులో రండి.

ఎత్తు సంగతి

ఇది అందరూ తిరగేసి అర్థం చేసుకునే విషయం. మాచు పిచ్చు 2,430 మీటర్లే. కుస్కో 3,400. ఎత్తు వల్ల జబ్బు చేసేది కుస్కోలో, అదీ దిగిన మొదటి రాత్రి. మన తిరుమల కొండ వెయ్యి మీటర్లు కూడా లేదు, కాబట్టి "కొండలు మనకు అలవాటే" అన్న ధీమా ఇక్కడ పనిచేయదు. వయసులో ఉన్నవాళ్లకు, వ్యాయామం చేసేవాళ్లకు రాదన్నది కూడా తప్పే.

మందు కన్నా పనిచేసేది వరుస మార్చడం. కుస్కోలో దిగగానే ఊళ్లో ఆగకుండా నేరుగా లోయలోకి దిగిపోండి. ఒయాంతాయ్‌తాంబో 2,800 మీటర్ల లోపే ఉంటుంది. అక్కడ రెండు రాత్రులు, తర్వాత మాచు పిచ్చు, ఆఖరున కుస్కో. అప్పటికి ఒళ్లు అలవాటు పడుతుంది. మొదటి రెండు రోజులు మద్యం, నిద్రమాత్రలు, కడుపునిండా రాత్రి భోజనం మానండి.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే అసెటజోలమైడ్ మాత్రలు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, పైకి వెళ్లే ముందురోజు నుంచి మొదలుపెట్టమంటారు. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. వేళ్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ బాత్రూముకు పోవాల్సి రావడం ఆ మాత్ర గుణమే. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. ఊరికే కూర్చున్నా ఆయాసం, తడబడే నడక, తికమక మాటలు కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. అప్పటికప్పుడు కిందికి దింపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గేటు దగ్గర

సంచి కొలత 40, 35, 20 సెంటీమీటర్లు మించితే బయట డబ్బు కట్టి దాచాలి. తిండి, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు, ట్రైపాడ్, సెల్ఫీ కర్ర, డ్రోన్, గొడుగు కుదరవు. గొడుగు బదులు రెయిన్‌కోటు. చేతికర్ర పెద్దవాళ్లను, నడవలేనివాళ్లను తీసుకెళ్లనిస్తారు, కొనకు రబ్బరు తొడుగు ఉండాలి. లోపల టాయిలెట్ లేదు. గేటు బయటే ఉంది, చిల్లర సోలెస్ దగ్గర పెట్టుకోండి. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్ల టికెట్టు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే: గంటలో బయటికి రావాల్సొస్తుంది, మళ్లీ పోనివ్వరు.

గేటు దగ్గర మాచు పిచ్చు బొమ్మతో ముద్ర వేసుకునే బల్ల ఉంటుంది. సరదాగా పాస్‌పోర్టులో వేసుకోకండి. అది ప్రభుత్వ ముద్ర కాదు, తర్వాత ఏ ఇమిగ్రేషన్ అధికారి ఎలా తీసుకుంటారో చెప్పలేం. చిన్న నోటుపుస్తకం తీసుకెళ్లి అందులో వేసుకోండి.

ఇంకొకటి, అక్కడ చిన్న చిన్న ఈగలుంటాయి. కుట్టినప్పుడు తెలియదు. సాయంత్రానికి ఎర్రటి చుక్క తేలి, రోజుల తరబడి దురద పెడుతుంది. ఎండగా ఉందని నిక్కరు వేసుకెళ్లినవాళ్ల పిక్కలు చూస్తే తెలుస్తుంది. పొడుగు ప్యాంటు, డీట్ ఉన్న దోమల మందు, మేజోళ్లు చాలు.

లోపల ఏం చూడాలి

గైడును గేటు దగ్గరే మాట్లాడుకోవచ్చు. గుర్తింపు కార్డు, భాష, మీ సర్క్యూట్ నంబరు, ఎంతసేపు, ఎంతమందికి కలిపి ఎంత, ఈ ఐదూ ముందే తేల్చుకోండి. గైడున్నా లేకపోయినా ఈ కిందివి కాస్త ఆగి చూడండి.

ఈ ఊరు 15వ శతాబ్దంలో పచకుతి అనే "ఇంకా" రాజు కాలంలో కట్టింది. చక్రం లేదు, ఇనుము లేదు. గ్రానైట్ రాయి బయటి నుంచి మోసుకురాలేదు, రాళ్ల గని ఊళ్లోనే ఉంది. రెండో సర్క్యూట్లో దాని పక్కనుంచే నడుస్తారు. గోడల్ని పోల్చి చూడండి. మామూలు ఇళ్లకు ఎగుడుదిగుడు రాళ్లు, మధ్యలో మట్టి. గుళ్లకు, రాజు ఇళ్లకు మాత్రం అడుసు లేకుండా రాయికి రాయి అరగదీసి కూర్చినవి. ఆ కట్టుబడి ఎక్కడ మారిందో చూస్తే, గైడు చెప్పకుండానే ఎవరి వీధి ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది. గోడలు నిటారుగా కాకుండా లోపలికి వాలి ఉంటాయి. తలుపులు, కిటికీలు కింద వెడల్పు, పైన ఇరుకు. భూకంపాల నేల మీద ఈ ఆకారం నిలబడుతుంది. అయినా అన్నీ నిలవలేదు: ప్రధాన ఆలయం గోడ ఒక మూల కుంగి, రాళ్ల మధ్య సందులు విచ్చుకున్నాయి. రాయి చెడిందని కాదు, కింద నేల కూర్చుంది.

అసలు పనితనం నేల కింద ఉంది. ఏడాదికి దాదాపు రెండు మీటర్ల వాన పడే కొండ మీద ఊరు జారిపోకుండా నిలిచిందంటే నీరు పోయే దారుల వల్లే. మెట్ల పొలాల్లో అడుగున పెద్ద రాళ్లు, వాటిపైన కంకర, ఆపైన ఇసుక, చివర సారవంతమైన మట్టి. గోడల అడుగున చదరపు తూములు కనిపిస్తాయి. అమెరికా నీటి ఇంజినీరు కెన్నెత్ రైట్ బృందం అలాంటి తూములు 129 లెక్కపెట్టింది. తాగే నీరు కొండ ఊట నుంచి 749 మీటర్ల కాలువలో వచ్చి, ఒకదాని కింద ఒకటిగా 16 ధారల్లో పడేది. మూడో సర్క్యూట్లో ఈ ధారల పక్కనే నడుస్తారు.

"1911లో హైరమ్ బింగమ్ కనిపెట్టాడు" అని చాలాచోట్ల చదివి ఉంటారు. అమెరికా పరిశోధకుడైన ఆయన వెళ్లేసరికి ఆ మెట్ల మీద రైతు కుటుంబాలు పంటలు వేసుకుంటున్నాయి, దారి చూపింది మెల్చోర్ ఆర్తేగా అనే స్థానికుడు. కుస్కో ప్రాంతపు అగుస్తీన్ లిసారాగా 1902లోనే వచ్చి గోడ మీద పేరు రాసి వెళ్లాడు. బింగమ్ యేల్ విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లిన వస్తువులు 2011, 2012లో తిరిగొచ్చాయి, కుస్కోలోని కాసా కొంచా మ్యూజియంలో ఉన్నాయి. కొండ చూశాక ఆ మ్యూజియం చూడటమే సరైన వరుస.

ఏ రాయినీ తాకకండి, ఆనుకోకండి. 2000లో ఒక బీరు ప్రకటన తీస్తూ క్రేను తగిలించి ఇంతివతాన అనే సూర్యశిల అంచు విరగ్గొట్టారు. కాపలావాళ్లు ఈల వేసేది ఊరికే కాదు.

తిండి

శాకాహారులు స్పానిష్‌లో "సోయ్ వెహెతారియానో" (ఆడవాళ్లయితే వెహెతారియానా) అని ఊరుకుంటే చాలదు. అక్కడ "కార్నె" అంటే గొడ్డుమాంసం లాంటివే, కోడి లెక్కలోకి రాదు. "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో" (మాంసం, కోడి, చేప లేకుండా) అని విడివిడిగా చెప్పండి, గుడ్డు కూడా వద్దంటే "సిన్ వెవో". కీన్వా సూప్ శాకాహారంలాగే కనిపిస్తుంది, చాలాచోట్ల కోడి నీళ్లతో చేస్తారు. అడిగి తినండి. ఉడికించిన మొక్కజొన్న, జున్నుముక్క, బంగాళాదుంపలు ఎక్కడైనా దొరుకుతాయి. రొకోతో అనే గుండ్రటి మిరప కారం మనవాళ్లకూ సరిపోతుంది. చూడటానికి క్యాప్సికమ్‌లా ఉంటుంది, మోసపోకండి.

వీసా, టీకా, తిరుగు ప్రయాణం

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాల్లో ఒకదాని వీసా కనీసం ఆరు నెలల గడువుతో ఉంటే, లేదా అక్కడి శాశ్వత నివాసం ఉంటే పెరూకు విడిగా వీసా అక్కర్లేదు. లేనివాళ్లు ఢిల్లీలోని పెరూ రాయబార కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు అయిపోయి, ఆమోదపత్రం మాత్రమే ఉంటే పెరూ వెళ్లొద్దు. కెనడా, మెక్సికోలకు కొద్దిరోజులు వెళ్లి పాత స్టాంపుతో తిరిగి రావచ్చన్న సడలింపు పెరూకు వర్తించదు. అక్కడే చిక్కుకుపోతారు.

మాచు పిచ్చు చూడటానికి ఎల్లో ఫీవర్ టీకా ఎవరూ అడగరు. ఇండియాలో దిగేటప్పుడు అడుగుతారు. ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో పెరూ ఉంది. పెరూ వదిలిన ఆరు రోజుల లోపు ఇండియా చేరేవాళ్ల దగ్గర టీకా పత్రం లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసుకున్న పది రోజులకు గానీ ఆ పత్రం చెల్లదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ప్రయాణానికి నెల ముందే వేసుకోండి.

సమ్మెలు, రైలు పట్టాల మీద బైఠాయింపులు అక్కడ అరుదు కాదు. 2023 జనవరిలో మాచు పిచ్చు మూసేసి ఫిబ్రవరి మధ్యలో గానీ తెరవలేదు. 2024 జనవరిలో టికెట్ల అమ్మకం మీద, 2025 సెప్టెంబరులో బస్సుల కాంట్రాక్టు మీద గొడవలై రైళ్లు ఆగాయి. కొండ చూసిన మర్నాడే లిమా నుంచి అంతర్జాతీయ విమానం పెట్టుకోకండి, మధ్యలో రెండు రోజులు వదలండి. రైళ్లు ఆగితే కింది ఊరి నుంచి హిద్రోఎలెక్త్రికా అనే చోటు దాకా పట్టాల వెంబడి పది కిలోమీటర్ల పైచిలుకు నడిచి, అక్కడి నుంచి వ్యానులో ఆరేడు గంటల్లో కుస్కో చేరే దారి ఉంది. టార్చి, నీళ్లు, పగటి వెలుతురు ఉన్నప్పుడే.

కుస్కోలో ప్రతి హోటల్లోనూ కోకా ఆకు టీ ఇస్తారు. అక్కడ అది మామూలు విషయం, చట్టబద్ధం. ఆఫీసులో డ్రగ్ టెస్టులు చేసే ఉద్యోగమైతే తాగొద్దు, పరీక్షలో పాజిటివ్ రావచ్చు. టీ పొట్లాలు, ఆకులు, కోకా చాక్లెట్లు సూట్‌కేసులో వేసుకుని ఇండియాకు గానీ అమెరికాకు గానీ తీసుకురావద్దు. రెండు దేశాల్లోనూ కోకా ఆకు మాదకద్రవ్యాల చట్టం కిందికే వస్తుంది. ఎవరైనా బహుమతిగా ఇచ్చినా లిమా విమానాశ్రయం చేరేలోపే వదిలించుకోండి.